ఆకు తిప్పికొట్టిన వెలుగు

కంటికి పచ్చగా కనిపించే చెట్టు ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ మీద తెల్లగా పడుతుంది. నీలాకాశం నల్లబడుతుంది. కరువు సీమ అనంతపురానికి ఈ ఫిల్మ్ కొత్తది కాదు. యాభై ఏళ్ల కిందటే ఇక్కడి పొలాల మీద ఎగిరింది. అప్పుడు వెతికింది పైరును. ఇప్పుడు అదే వెలుగులో ఈ నేల మీది చెట్లను చూద్దాం.

పైనుంచి చూస్తే ఎర్రటి చేలు

1974-75లో అనంతపురం జిల్లాను ఆకాశం నుంచి ఫొటోలు తీశారు. ఆ కెమెరాలో వేసిన రంగుల ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ పచ్చటి పైరును ఎర్రగా, నీళ్లున్న చెరువును నల్లగా చూపిస్తుంది. ఇస్రో, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి చేపట్టిన ఆ పని పేరు ‘ఎరైజ్’. వ్యవసాయ వనరుల లెక్కింపు, సర్వే ప్రయోగం అని అర్థం. అందుకు ఎంచుకున్నవి రెండు జిల్లాలు: పంజాబ్‌లోని పాటియాలా, మన అనంతపురం. అక్కడ నీటి పారుదల కింద గోధుమ. ఇక్కడ వాన పడితే చెనక్కాయ, పడకపోతే బీడు. పై నుంచి తీసిన బొమ్మను చూసి కింద ఏ పంట ఎంత మేర ఉందో చెప్పగలమా అన్నదే పరీక్ష.

అప్పటికి భూమిని ఫొటో తీసే సొంత ఉపగ్రహం మనకు లేదు. అమెరికా 1972లో మొదటి ల్యాండ్‌శాట్‌ను పంపింది. మన ఐఆర్‌ఎస్-1ఏ ఎగరడానికి 1988 మార్చి 17 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి చేతిలో ఉన్నవి విమానం, హెలికాప్టర్, ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్. వాటితోనే పని మొదలైంది.

అనంతపురానికి ముందు ఈ ఫిల్మ్ కేరళలో పరీక్షకు నిలిచింది. కొబ్బరి చెట్లను నిలువునా వాడ్చేసే వేరు తెగులు అక్కడి రైతులను కుంగదీస్తున్న రోజులవి. ఏ తోటలో ఎన్ని చెట్లకు సోకిందో నేల మీద తిరిగి లెక్కించడం కష్టం. 1970 ప్రాంతంలో అహ్మదాబాద్ శాస్త్రవేత్త పి.ఆర్. పిషారటి బృందం హెలికాప్టర్‌లో కెమెరా పెట్టి, రంగుల ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్‌తో కొబ్బరి తోటలను తీసింది. ఆరోగ్యంగా ఉన్న చెట్టు మట్ట ఒక ఎరుపులో, తెగులు పట్టినది మరో రంగులో పడ్డాయి. దేశంలో రిమోట్ సెన్సింగ్ పుట్టింది ఆ తోటల మీదేనని చెబుతారు. ఆ శాస్త్రానికి పిషారటిని పితామహుడిగా గుర్తు చేసుకుంటారు.

అంటే ఈ దేశంలో ఇన్‌ఫ్రారెడ్ మొదట చూసింది చెట్టునే. అనంతపురానికి వచ్చేసరికి చూపు చేల మీదికి మళ్లింది. చేల గట్ల మీది వేపలు, ఊరి బయటి చింతలు, చెరువు కట్ట మీది మర్రులు ఇప్పుడు కొందరు ఫొటోగ్రాఫర్ల ఆసక్తిగా మిగిలాయి. నిజానికి ఈ నేల గురించి ఆ చెట్లు చెప్పగలిగింది చాలా ఉంది. అయితే వాటి మాట వినాలంటే ఒక్క ఫొటో చాలదు. ఎందుకు చాలదో తెలియాలంటే ముందు ఆకు లోపలికి వెళ్లాలి.

కన్ను ఆగిపోయిన చోట

మన కన్ను 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉన్న వెలుగునే చూస్తుంది. ఊదా దగ్గర మొదలై ఎరుపు దగ్గర ఆగిపోతుంది. వెలుగు మాత్రం అక్కడ ఆగదు. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని గాజు పట్టకంతో రంగులుగా విడదీసి, ఒక్కో రంగులో థర్మామీటర్ పెట్టి చూశాడు. ఎరుపు దాటి, ఏ రంగూ లేని చోట పెట్టినప్పుడు పాదరసం ఇంకా పైకి ఎక్కింది. పాఠ్యపుస్తకాల్లో పరారుణ కిరణాలని చదువుకున్నది ఆ వెలుగునే.

1910లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ విలియమ్స్ వుడ్ ఆ వెలుగుతో తీసిన ప్రకృతి దృశ్యాలను లోకానికి చూపించాడు. నట్టనడి ఎండలో ఆకాశం నల్లగా ఉంది, చెట్లు తెల్లగా వెలిగిపోతున్నాయి. ఆకులు ఇలా తెల్లబడడాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే చెప్పుకుంటారు.

ఇక్కడ ఒక అపోహ తీర్చుకోవాలి. ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ వేడిని ఫొటో తీయదు. చీకట్లో మనిషి ఒంటి వేడిని పసిగట్టే కెమెరాలు పట్టే తరంగాలు ఇంతకు పదింతలు పొడవైనవి. మన ఫిల్మ్ పట్టేది ఎరుపు పక్కనే ఉన్న వెలుగును. మహా అయితే 900 నానోమీటర్ల దాకా. అదీ సూర్యుడి నుంచి వచ్చి, ఆకును తాకి వెనక్కి తిరిగిన వెలుగు. ఎండ లేకపోతే ఫొటో లేదు. అనంతపురంలో ఆ కొరత ఎటూ లేదు.

ఆకాశం నల్లబడడానికి కారణం సులువు. గాలిలోని అణువులు నీలి వెలుగును ఎక్కువగా చెదరగొడతాయి. తరంగం పొడవు పెరిగేకొద్దీ ఆ చెదరడం తగ్గిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్‌లో ఆకాశం నుంచి కెమెరాకు చేరే వెలుగు దాదాపు ఉండదు. మబ్బులోని నీటి బిందువులు మాత్రం అన్ని రంగులనూ సమానంగా చెదరగొడతాయి కాబట్టి నల్లటి ఆకాశంలో తెల్లగా ఎగసి కనిపిస్తాయి. నైరుతి కాలంలో పడమటి నుంచి మబ్బులు రావడం, చినుకు రాల్చకుండా తూర్పుకు సాగిపోవడం ఈ జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలో అతి గొప్పగా కనిపించేవి ఆ కురవని మబ్బులే.

ఆకు చేసే పొదుపు

ఆకులోని పత్రహరితం నీలి, ఎర్రటి వెలుగులను తాగేస్తుంది. ఆకుపచ్చలో కొంత వదిలేస్తుంది. ఆ వదిలేసిన కొంతనే మనం ఆకు రంగు అనుకుంటాం. 700 నానోమీటర్లు దాటాక పత్రహరితానికి ఆ వెలుగుతో పని లేదు. పిండిపదార్థం తయారుచేయడానికి అందులో చాలినంత శక్తి ఉండదు. దాన్ని లోపల ఉంచుకుంటే ఆకు వేడెక్కడం తప్ప లాభం లేదు.

అందుకే ఆకు దాన్ని బయటికి పంపేస్తుంది. ఆకు లోపల కణాల మధ్య గాలి గదులు ఉంటాయి. కణంలోని నీటి నుంచి గాలిలోకి, గాలి నుంచి మళ్లీ నీటిలోకి వెళ్లే ప్రతిచోటా వెలుగు దారి మళ్లుతుంది. రంగులేని నీరు సబ్బు నురుగుగా మారగానే తెల్లబడేది కూడా ఇందుకే. అలా దారి మళ్లీ మళ్లీ, ఆకు మీద పడిన ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో దాదాపు సగం వెనక్కి వస్తుంది. మిగిలినదానిలో చాలా భాగం ఆకు గుండా కిందికి దిగిపోతుంది. ఆకు దగ్గర ఉండిపోయేది చాలా తక్కువ.

నేల మీదికి చేరే సూర్యశక్తిలో ఇంచుమించు సగం ఎరుపు అవతలి వెలుగే. దాన్నంతా ఆకు మింగితే, ఆ వేడి తగ్గించుకోవడానికి మరింత నీరు ఆవిరి చేయాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూసే నేలలో చెట్టుకు అంత నీరు ఎక్కడిది? ఫొటోలో తెల్లగా మెరుస్తున్నది చెట్టు వద్దన్న వెలుగు. పనికిరాని దాన్ని గుమ్మం దాటనివ్వకపోవడం ఈ గుణానికి మూలం. లోకంలోని ప్రతి పచ్చటి ఆకుకూ ఆ గుణం ఉంది. అనంతపురంలో అది బతుకు లెక్క.

వేప, రావి, మోదుగ

ఏ చెట్టు ఎప్పుడు ఎలా పడుతుందో తెలియాలంటే కాలం తెలియాలి. వేప మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, ఉగాది నాటికి కొత్త ఆకు, పూత వేస్తుంది. రాల్చిన వేపను తీస్తే కొమ్మల గీతలే మిగులుతాయి. చైత్రం నడిచేకొద్దీ అదే చెట్టు ఫిల్మ్ మీద తెల్లగా నిండుతుంది. కానుగ ఆకు రాల్చగానే చిగురిస్తుంది. నేలంతా మాడిపోయిన రోజుల్లో దాని గుబురు ఒక్కటే కొత్తగా ఉంటుంది. మోదుగ సంగతి వేరు. ఒంటి మీద ఆకు లేకుండా పూస్తుంది. కన్ను చెదిరే ఆ ఎర్రటి పూలు ఇన్‌ఫ్రారెడ్‌లో రంగు పోగొట్టుకుని వెలిసిన తెలుపుగా మిగులుతాయి. మోదుగను ఈ ఫిల్మ్‌తో తీయకపోవడమే దానికి చేసే మర్యాద.

రావి చిగురు ఇంకో పాఠం. రాగి రంగు లేత ఆకులు, ముదురు పచ్చటి ఆకులు కంటికి రెండు వేర్వేరు లోకాలు. లేతాకుకు ఆ ఎర్రదనం ఇచ్చే పదార్థం కంటికి కనిపించే వెలుగునే పట్టుకుంటుంది, ఇన్‌ఫ్రారెడ్‌ను పట్టుకోదు. అందుకే ఫిల్మ్ మీద రెండూ తెలుపు వైపుకే జరుగుతాయి. రంగును బట్టి ఆకును పోల్చుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు. కొమ్మ తీరు, ఆకు గుబురు, మాను వంపు చూసి చెట్టును పోల్చుకోవాలి. పల్లెలో పెద్దవాళ్లు దూరం నుంచి చెట్టును గుర్తుపట్టేది కూడా అలాగే.

నేల కూడా మాట్లాడుతుంది. ఎర్ర నేలలు ఈ వెలుగులో పాలిపోయి కనిపిస్తాయి. తాడిపత్రి, గుంతకల్లు, ఉరవకొండ వైపు నల్లరేగడి మాత్రం నల్లగానే ఉంటుంది. అందుకే రేగడి చేలో ఒంటరిగా నిలబడ్డ వేప ఇన్‌ఫ్రారెడ్‌కు పుట్టిన బొమ్మ. తేట నీరు ఈ వెలుగును తాగేస్తుంది. బుక్కరాయసముద్రం చెరువు నిండిన ఏడాది తీస్తే నీళ్లు నల్లగా, కట్ట మీది చెట్లు తెల్లగా పడతాయి. ఎండిన ఏడాది అదే చోట నుంచి తీస్తే చెరువు కడుపు తెల్లబోతుంది.

ఆరు గడుల మర్రిమాను

ఈ పీఠభూమిలో చెట్టును ఫొటో తీయడమంటే ఎవరైనా ముందు వెళ్లేది తిమ్మమ్మ మర్రిమాను దగ్గరికి. కదిరికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో, గూటిబయలు దగ్గర ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఇది శ్రీ సత్యసాయి జిల్లా కిందికి వచ్చింది. స్థలపురాణం ప్రకారం తిమ్మమ్మ 1434లో భర్త బాలవీరయ్య చితిలో సహగమనం చేసింది. చితికి ఈశాన్యాన నాటిన గుంజ చిగురించి ఈ మాను అయిందని నమ్మకం. పిల్లలు లేనివాళ్లు వచ్చి మొక్కుకుంటారు. శివరాత్రికి జాతర జరుగుతుంది. బెంగళూరు పాత్రికేయుడు, ఫొటోగ్రాఫర్ రిగ్రెట్ అయ్యర్ పట్టుబట్టి దీని సంగతి బయటికి తెచ్చాడు. 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. కొమ్మలు కప్పిన మేర 19,107 చదరపు మీటర్లు. ఐదెకరాలకు కాస్త తక్కువ.

ఇంత చెట్టును ఏ లెన్సూ ఒక్కసారి పట్టలేదు. బయట నిలబడి తీస్తే ఒక చిన్న అడవి కనిపిస్తుంది, చెట్టు కనిపించదు. లోపలికి వెళితే ఊడలు స్తంభాల్లా దిగి ఉంటాయి. ఏది అసలు మాను, ఏది ఊడ అని తేల్చుకోవడం కష్టం. మామూలు ఫొటోలో లోపలంతా చీకటి, ఆకుల సందుల్లో ఎండ మచ్చలు. ఇన్‌ఫ్రారెడ్‌లో ఆ చిక్కు కొంత విడిపోతుంది. ఆకులు తమ మీద పడిన ఈ వెలుగులో చాలా భాగం కిందికి వదిలేస్తాయి కాబట్టి కంటికి చీకటిగా తోచే మర్రి నీడ ఫిల్మ్‌కు అంత చీకటి కాదు. పైన తెల్లటి కప్పు, కింద ఊడలు బూడిద రంగులో వరుసలు తీరుతాయి. అక్కడ పూజలు జరుగుతుంటాయి. ముక్కాలిపీట పెట్టే ముందు గుడి దగ్గరివాళ్లను ఒక మాట అడగడం మర్యాద.

మన ఉపగ్రహం కంటికి ఈ మాను ఎంత? రిసోర్స్‌శాట్‌లోని ఏవైఫ్స్ కెమెరా నేలను 56 మీటర్ల గడులుగా చూస్తుంది. ఒక్కో గడి ముప్పావు ఎకరం పైచిలుకు. ఆ లెక్కన మర్రిమాను ఆరు గడులు. గట్టు మీది వేపకు ఒక్క గడి కూడా రాదు. చుట్టూ ఉన్న చెనక్కాయ, ఎర్ర మట్టి, ఎండిన గడ్డి అన్నీ కలిసి ఒక్క రంగు అయిపోతాయి. పై నుంచి చూసే చూపుకు కింద నిలబడి తీసే ఫొటో ఎందుకు తోడు కావాలో ఈ ఒక్క లెక్క చాలు.

తెలుపు చెప్పే అబద్ధం

కరువు ఫొటో అనగానే మనకు తోచేది నెర్రెలిచ్చిన నేల, ఆకాశం కేసి చూసే రైతు. ఆ ముద్ర పాతది. 1876-78 ధాత కరువులో విలోబీ వాలెస్ హూపర్ అనే బ్రిటిష్ సైనికాధికారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఎముకల గూళ్లయిన మనుషులను వరుసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం, 1882లో విడి జిల్లా అయింది. హూపర్ ఫొటోలు కరువును మనిషి ఒంటి మీద చూపాయి. ఇన్‌ఫ్రారెడ్ దాన్ని చెట్టు ఒంటి మీద చూపగలదా?

ఒక్కటే తీస్తే చూపలేదు. పైగా మభ్యపెడుతుంది. ఆకు తెల్లబడడానికి కారణం దాని లోపలి అల్లిక అని చెప్పుకున్నాం. ఆకు ఎండినా ఆ అల్లిక కొంత మిగులుతుంది. పత్రహరితం పోయినా ఎండుటాకు, ఎండు గడ్డి ఇన్‌ఫ్రారెడ్‌ను బాగానే తిప్పికొడతాయి. మే నెలలో మాడిపోయిన గడ్డి కొండను ఈ ఫిల్మ్‌తో తీస్తే, వాన పడిన మర్నాడు తీసినంత తెల్లగా రావచ్చు. చూసినవాళ్లు అనంతపురం ఇంత చల్లగా ఉంటుందా అని మురిసిపోతారు.

బొమ్మనహాళ్, కణేకల్ వైపు హగరి ఏటి ఇసుక గాలికి లేచి దిబ్బలు కట్టింది. దర్గా హొన్నూరు పరిసరాల్లో చేలు ఇసుక కింద పడ్డాయి. అక్కడ ఇన్‌ఫ్రారెడ్ తీస్తే ఇసుకా తెలుపే, ఆకూ తెలుపే. చెట్టు ఇసుకలో కలిసిపోతుంది. మామూలు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే తుమ్మను ఫొటోలో వెతుక్కోవాల్సి వస్తుంది.

మూడో మోసం కంప. సర్కారు తుమ్మ అన్నా అదే. ఇది ఈ నేలకు వచ్చిందీ ధాత కరువు రోజుల్లోనే. 1877 ప్రాంతంలో అటవీ అధికారి బెడ్డోమ్ తెప్పించిన గింజలను కడప జిల్లా కమలాపురం దగ్గర వేశారు. తర్వాత సీమంతా పాకింది. వేరు లోతుకు పోతుంది, మేకలు ఆకు తినవు, కొట్టిన కొద్దీ చిగురిస్తుంది. చెరువు కడుపులో, వంకల వెంట, బీడు పడ్డ చేలల్లో నిండా పచ్చగా ఉంటుంది. బెట్ట కాలంలో ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ మీద అందరికన్నా బాగా వెలిగేది ఇదే. బోర్లు ఎండి చీనీ తోటలు కట్టెలయిపోయిన ఊరిలో కూడా కంప తెల్లగా నవ్వుతుంది. ఆ ఫొటో అబద్ధమాడదు, ఆకు ఉందనే చెబుతుంది. ఆ ఆకు ఎవరికి పనికొస్తుందో, చెరువు ఎందుకు కంపమయం అయిందో చెప్పదు.

జంట బొమ్మ

దీనికి విరుగుడు ఎరైజ్ రోజుల కన్నా ముందే తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో కోడాక్ చేసిన రంగుల ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ పని ముసుగులు పట్టుకోవడం. కొట్టి తెచ్చిన కొమ్మలు కప్పి ఫిరంగులు దాచితే కంటికి తోపులాగే ఉంటుంది. ఫిల్మ్ మీద బతికున్న చెట్టు ఎర్రగా, వాడుతున్న కొమ్మ వేరే రంగుగా తేలిపోతుంది. కారణం, ఆ ఫిల్మ్ ఇన్‌ఫ్రారెడ్ ఒక్కదాన్నే చూడదు. ఆకుపచ్చను, ఎరుపును కూడా పక్కన పెట్టి పోలుస్తుంది. అనంతపురం మీద ఎగిరిన ఫిల్మ్‌ది కూడా ఈ జాతే.

బతికున్న ఆకు ఎరుపును తాగి, ఇన్‌ఫ్రారెడ్‌ను తిప్పికొడుతుంది. ఎండుటాకు రెండింటినీ తిప్పికొడుతుంది. ఇసుక, ఎర్ర మట్టి కూడా అంతే. కాబట్టి ప్రాణం దొరికేది తెలుపులో కాదు, రెండు బొమ్మల మధ్య తేడాలో. ఉపగ్రహాలు ఎన్‌డీవీఐ అనే అంకెను కట్టేది ఇలాగే. ఇన్‌ఫ్రారెడ్ నుంచి ఎరుపును తీసేసి, వచ్చినదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తారు. ఒకటికి దగ్గరైతే దట్టమైన పచ్చదనం. సున్నాకు దగ్గరైతే బీడు.

ఈ అంకె ప్రయోగశాలలో ఉండిపోయేది కాదు. కేంద్ర ప్రభుత్వం 2016లో ఇచ్చిన కరువు నిర్వహణ మార్గదర్శకాల్లో వానలోటు, సాగు విస్తీర్ణం, నేల తేమ, నీటి నిల్వలతో పాటు ఉపగ్రహం చూపిన పచ్చదనం సూచీ కూడా ఉంది. ఒక మండలం కరువు మండలమవునా కాదా అన్న నిర్ణయంలో అదీ ఒక సాక్షి. ఆ నిర్ణయం మీద రైతుకు పరిహారం, రుణాల వాయిదా ఆధారపడతాయి. లెక్క కట్టేవాళ్లు సాగు భూమిని వేరుచేసే పటాలు వాడతారు. అయినా ముప్పావు ఎకరం గడిలో పైరూ, గట్టు మీది కంపా కలిసే ఉంటాయి. 1974-75 ప్రయోగం నుంచి ఇప్పటిదాకా పై చూపుకు నేల మీద తిరిగి సరిచూసే మనిషి తోడు ఉండాల్సి రావడం ఇందుకే.

అదే పని ఫొటోగ్రాఫర్ చెట్టు ముందు చేయగలడు. కెమెరాను కదలకుండా నిలబెట్టి, ఒకటి ఎర్ర ఫిల్టర్‌తో మామూలు నలుపు తెలుపు ఫిల్మ్ మీద, ఇంకొకటి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్‌తో ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ మీద తీయాలి. అచ్చువేసి పక్కపక్కన పెడితే చాలు. ఎర్ర ఫిల్టర్‌లో నల్లగా, ఇన్‌ఫ్రారెడ్‌లో తెల్లగా ఉన్న కొమ్మ బతికుంది. రెండింటిలోనూ తెల్లగా ఉన్నది ఎండిపోయింది. దర్గా హొన్నూరు దిబ్బల మీద ఇన్‌ఫ్రారెడ్ మింగేసిన తుమ్మను ఎర్ర ఫిల్టర్ ఫొటో తిరిగి ఇచ్చేస్తుంది. మర్రిమానులో ఏ పాయ వాడుతోందో, ఏ ఊడ పైన ఆకు నిండుగా ఉందో ఈ జంట బొమ్మలో పోల్చి చూడొచ్చు. అయితే తెగులు కంటికి తగిలేలోపే ఇన్‌ఫ్రారెడ్ పట్టేస్తుందని ఆశ పెట్టుకోకూడదు. ఆకు లోపలి అల్లిక చెడక ముందే దాని ఎరుపు తాగే శక్తి తగ్గడం తరచూ జరుగుతుంది. అందుకే జంటలో ఎరుపు బొమ్మను చిన్నచూపు చూడకూడదు.

ఫిల్మ్ పట్టేవారికి

పాత రాజులు పోయారు. ఆకుల చుట్టూ వెలుగు పొగలా పరిచే కోడాక్ హెచ్‌ఐఈ 2007లో ఆగిపోయింది. క్రొయేషియా ఫ్యాక్టరీ మూతపడడంతో 2012లో ఎఫ్కే ఐఆర్820 పోయింది. యుద్ధపు ఫిల్మ్‌కు వారసురాలు ఏరోక్రోమ్ తయారీ కూడా ఆగిపోయింది. ఐర్లండ్ ఫొటోగ్రాఫర్ రిచర్డ్ మోస్ కాంగో అడవులను గులాబీ రంగులోకి మార్చింది ఆ ఫిల్మ్ చివరి నిల్వలతోనే. ఇప్పుడు దొరికేవి ప్రధానంగా రెండు: 740 నానోమీటర్ల దాకా చూసే ఇల్‌ఫర్డ్ ఎస్‌ఎఫ్‌ఎక్స్ 200, 820 దాకా చూసే రోలై ఇన్‌ఫ్రారెడ్ 400. వీటి ముందు 720 కిందిది ఆపేసే ఫిల్టర్ పెట్టాలి. హోయా ఆర్72 అందరూ వాడేది. ఆ గాజు కంటికి దాదాపు నలుపు. ముందు ఫ్రేమ్ చూసుకుని, ఫోకస్ పెట్టుకుని, తర్వాత ఫిల్టర్ బిగించాలి. పాత లెన్సుల మీద ఇన్‌ఫ్రారెడ్ కోసం ఎర్ర గీత ఉంటుంది. ఫోకస్‌ను అక్కడికి జరపాలి.

ఫిల్టర్ పెట్టాక రోలై 400 వేగం 6 నుంచి 12 ఐఎస్ఓకు పడిపోతుంది. నిండు ఎండలో ఎఫ్ 11 దగ్గర సెకనులో పదో వంతు అటూ ఇటూ అవుతుంది. లైట్ మీటర్‌ను నమ్మొద్దు. ఒకే బొమ్మను మూడు వేర్వేరు ఎక్స్‌పోజర్లలో తీసుకోవాలి. ముక్కాలిపీట తప్పదు. ఆషాఢంలో గాలి జోరు ఎక్కువ. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పేదీ ఆ గాలే. అప్పుడు మాను నిలకడగా, ఆకులు మసకగా వస్తాయి. వద్దనుకుంటే పొద్దున్నే వెళ్లాలి. మిగతా కాలంలో ఫొటోగ్రాఫర్లందరూ తప్పించుకు తిరిగే మిట్టమధ్యాహ్నమే ఈ ఫిల్మ్‌కు మంచి సమయం.

ఎండే ఇక్కడ చిక్కు కూడా. రోలై ఫిల్మ్ పట్టీ పారదర్శకంగా ఉంటుంది. చుట్ట అంచు నుంచి వెలుగు లోపలికి పాకుతుంది. అందుకే కెమెరాలో ఎక్కించడం, దించడం చీకట్లో చేయాలి. ఎండలో ఆపిన కారులో ఫిల్మ్ వదిలేయకూడదు. ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంచి, బయట చల్లటి డబ్బాలో తీసుకెళ్లాలి. డెవలప్ చేసే మందులు 20 డిగ్రీల దగ్గర సరిగ్గా పనిచేస్తాయి. వేసవిలో ఇక్కడి కుళాయి నీళ్లు 30 దాటి ఉంటాయి. ఐస్ ముక్కలు వేసిన తొట్టిలో సీసాలు పెట్టుకుని, థర్మామీటర్‌తో చూసి మొదలుపెట్టాలి.

ఫిల్మ్ ఖర్చు భరించలేనివాళ్లు పాత డిజిటల్ కెమెరాలో సెన్సర్ ముందున్న ఇన్‌ఫ్రారెడ్ అడ్డుగాజు తీయించి వాడుకోవచ్చు. జంట బొమ్మ సూత్రం దానికీ వర్తిస్తుంది.

ఫొటో కింద రాయాల్సిన మాట

చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ చేయూతతో 1990ల నుంచి ఊళ్ల జనం కాపాడుకుంటున్న కల్పవల్లి కొండలున్నాయి. వేల ఎకరాల బీడును నరకకుండా, నిప్పు పడకుండా కాసుకుంటే గడ్డి, ఈత, చెట్లు వాటంతట అవే లేచాయి. అక్కడ తీసిన ఇన్‌ఫ్రారెడ్ ఫొటో, కంప నిండిన ఒక ఎండిన చెరువు ఫొటో పక్కపక్కన పెడితే రెండూ తెల్లగానే ఉంటాయి. ఎర్ర ఫిల్టర్ బొమ్మలు జత చేసినా రెండింటిలోనూ ఆకు బతికే ఉందని తేలుతుంది. ఒకటి జనం ఏళ్ల తరబడి కాపలా కాసి తెచ్చుకున్న పచ్చదనం, ఇంకొకటి నీళ్లు పోయాక చెరువును ఆక్రమించుకున్న పచ్చదనం. ఆ తేడా చెప్పే తరంగం ఏ ఫిల్మ్‌లోనూ లేదు.

అందుకే జిల్లాలోని ఫొటోగ్రాఫర్లకు, కాలేజీ పిల్లలకు ఒక పని చెప్పాలనిపిస్తుంది. ప్రతి ఊరికీ ఒక రచ్చబండ చెట్టు ఉంటుంది. మర్రో, రావో, వేపో. ఏటా మే నెలలో ఒకసారి, నైరుతి వానలు ముగిసే అక్టోబర్‌లో ఒకసారి, ఒకే చోట నిలబడి జంట బొమ్మలు తీయాలి. ఫొటో వెనక నాలుగు సంగతులు రాయాలి: ఆ ఏడు పడిన వాన, దగ్గరి బోరులో నీళ్లు ఎన్ని అడుగుల లోతున తగిలాయో, కొమ్మలు ఎవరు ఎందుకు నరికారో, ఆ చెట్టు నీడలో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారో. మొదటి రెండూ రికార్డుల్లో దొరుకుతాయి. చివరి రెండూ ఆ నీడలో ఉన్నవాళ్లను అడిగి తెలుసుకోవాల్సిందే. పదేళ్లు ఇలా పోగైతే, ఏ మండలంలో కరువు ఎలా నడిచిందో ఉపగ్రహం లెక్కకు ఎదురుగా ఊళ్ల దగ్గర తమ సొంత లెక్క ఉంటుంది. కరువు మండలాల జాబితాలో తమ పేరు లేదని కలెక్టరేట్‌కు అర్జీ పెట్టుకునే రోజున, అర్జీతో పాటు బల్ల మీద పెట్టడానికి వాళ్ల చేతిలో ఒక సాక్ష్యం ఉంటుంది.